పాత రేంజర్ సైకిల్‌కి మోటారు బిగించడం ఎలా?

రావులపాలెంలో మాది సైకిల్ షాపు. ఈ మధ్య వచ్చేవాళ్ళలో చాలామంది అడిగే మాట ఒకటే: "ఏవండీ, ఇంట్లో పాత సైకిల్ పడుందండి, దానికి మోటారు పడుద్దాండి?" పడుద్ది. మా వైపు కాలవ గట్టు రోడ్లు చదునుగా ఉంటాయి కాబట్టి చిన్న మోటారు చాలు. కడియం నర్సరీల్లో పనికి వెళ్ళేవాళ్ళకి, తెల్లారకుండా అరటి మార్కెట్‌కి చేరాల్సినవాళ్ళకి రోజూ పెట్రోలు పోయించుకునే బాధ తప్పుతుంది. కాకపోతే వచ్చినవాళ్ళందరూ మోటారు గురించే అడుగుతారు, బ్రేకుల గురించి ఎవరూ అడగరు. మేం మాత్రం పనిని ఫ్రేమ్‌తో మొదలుపెట్టి, తర్వాత బ్రేకులు చూసుకుని, ఆ తర్వాతే మోటారు దగ్గరికి వస్తాం. ఇక్కడ రాసేది కూడా ఆ వరసలోనే.

పెట్రోలు ఇంజను సంగతి ముందే చెప్పేస్తాను. పొలానికి మందు కొట్టే స్ప్రేయర్ ఇంజను తీసి సైకిల్‌కి బిగించమని కుర్రాళ్ళు తెస్తుంటారు. మేం చేయం. ఇంజను 25 సీసీ దాటిందంటే చట్టం ప్రకారం అది మోటారు వాహనం. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు, ఇంట్లో చేసిన బండికి రిజిస్ట్రేషన్ దొరకదు. పైగా ఆ వేడి సైలెన్సరు కాలికి దగ్గరగా ఉంటుంది. నేను చెప్పేదంతా బ్యాటరీతో నడిచే మోటారు గురించే.

ఏ ఫ్రేమ్ తీసుకోవాలి

నాన్నగారి నల్ల సైకిల్‌కే పెట్టాలని చాలామందికి ఉంటుంది. ఆ ఫ్రేమ్ గట్టిదే, అందులో అనుమానం లేదు. ఇబ్బంది చక్రాలతో వస్తుంది. దాని టైరు 28 ఇంచీలు. రిమ్ముకి స్పోకు బెజ్జాలు ముందు 32, వెనక 40 ఉంటాయి. మార్కెట్లో దొరికే హబ్ మోటార్లకి (చక్రం నడిమధ్య కూర్చునే మోటార్లివి, మేం ముందు చక్రానికే పెడతాం) ఎక్కువగా 36 ఉంటాయి. సరే, 26 ఇంచీల మోటారు చక్రమే పెట్టేద్దాం అనుకుంటే బ్రేకు అందదు. నల్ల సైకిల్ రాడ్ బ్రేకులో రబ్బర్లు రిమ్ము లోపలి అంచుని పైకి లాగి పట్టుకుంటాయి. చక్రం చిన్నదైతే రిమ్ము మూడున్నర సెంటీమీటర్లకు పైగా లోపలికి వెళ్ళిపోతుంది, రబ్బరు గాల్లో ఉంటుంది. అందుకే నల్ల సైకిల్‌ని అలాగే తొక్కుకోమని చెప్తాను.

మోటారుకి సరైనది 26 ఇంచీల చక్రాలున్న పాత రేంజర్ రకం. ఒకప్పుడు ప్రతి ఇంటి కుర్రాడికీ ఉండేది కదా, అదే. ఇప్పుడు పాత ఇనప సామాన్ల కొట్లలో కూడా దొరుకుతున్నాయి. కొనేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం పెట్టుకుని వెళ్ళండి. ఫ్రేముకీ, ముఖ్యంగా ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఫోర్కుకీ అంటుకోవాలి. స్టీలు ఫోర్కు ఎక్కువ బరువు పడితే వంగుతుంది, వంగడం కంటికి కనిపిస్తుంది. అల్యూమినియం ఫోర్కు చెప్పకుండా పగులుతుంది, పగిలితే మనిషి మొహం రోడ్డుకి తగులుతుంది. స్ప్రింగు ఫోర్కులు కూడా ముందు చక్రం మోటారుకి పనికిరావు, వాటి కింది కాళ్ళు మోటారు తిప్పుడికి నిలబడేలా చేసినవి కావు.

ఫ్రేముని పూర్తిగా ఊడదీయండి. సీటు రాడ్డు పీకి గొట్టంలోకి టార్చి వేసి చూడండి, ఏళ్ళ తరబడి వాన నీళ్ళు దిగేది అందులోకే. రాడ్డు తుప్పుతో బిగుసుకుపోతే కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేసి, పొద్దున మెలితిప్పండి. సుత్తితో మొదలుపెట్టకండి. తర్వాత కడిగి తుడిచి మూడు చోట్ల గోరుతో గీసి చూడాలి: హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే హెడ్డు దగ్గర, ఫోర్కు కాళ్ళు పైన కలిసే చోట, పెడల్ యాక్సిల్ ఉండే బీబీ దగ్గర. రంగు మీద వెంట్రుకంత సన్నటి గీత ఉండి అందులోంచి తుప్పు రంగు కారుతుంటే అది పగులే. అలాంటి ఫ్రేముని ఇనప కొట్టుకే ఇచ్చేయండి. వెల్డింగ్ పెట్టి మోటారు బిగిద్దాం అనే ఆలోచన వద్దు.

ఫ్రేము బాగుంటే బేరింగు గోళీలన్నీ కొత్తవి వేసి గ్రీజు పెట్టండి. పెడల్ క్రాంకు ఊడదీయడానికి, దాన్ని యాక్సిల్‌కి పట్టి ఉంచే కాటర్ పిన్ను కొట్టేటప్పుడు నట్టుని పూర్తిగా తీయకండి. మర చివరికి సమానంగా వచ్చేదాకా వదులు చేసి, నట్టు మీద కొట్టండి. లేకపోతే మర చెడిపోయి పిన్ను మళ్ళీ పనికిరాదు.

బ్రేకులు

తొక్కే సైకిల్ పది పన్నెండు కిలోమీటర్ల వేగంతో పోతుంది. మోటారుతో ఇరవై దాటుతుంది. వేగం రెట్టింపైతే ఆపడానికి కావలసిన పని నాలుగు రెట్లు అవుతుంది. పాత రేంజర్లకి వచ్చే క్రోమియం పూత స్టీలు రిమ్ములు ఎండలో పర్వాలేదు గానీ, తడిస్తే రబ్బరు జారిపోతుంది. బ్రేకు నొక్కినా బండి సాగుతూనే ఉంటుంది. కాబట్టి వెనక చక్రానికి కూడా అల్లాయ్ రిమ్ము వేయించండి. ముందు చక్రం ఎలాగూ మోటారుతో పాటు కొత్తది వస్తుంది.

ఫోర్కు కాళ్ళ మీద బ్రేకు బిగించే బుడిపెలు ఉంటే వీ-బ్రేకులు పడతాయి. అవి లేని ఫ్రేముకి, చేతులు పొడుగ్గా ఉండి రిమ్ము దాకా అందే క్యాలిపర్ బ్రేకు చూసుకోవాలి. బ్రేకు వైర్లూ, వాటి తొడుగులూ కొత్తవి వేయండి, ఇక్కడ డబ్బు మిగల్చొద్దు. క్యారియర్ మీద బియ్యం బస్తా కట్టి వంతెన దిగుడు మీద ఆపి చూస్తే బ్రేకు సంగతి తెలిసిపోతుంది. రెండు బ్రేకులూ విడివిడిగా బండిని ఆపగలగాలి. అప్పటిదాకా మోటారు పెట్టె తెరవొద్దు.

మోటారు ఎంపిక

36 వోల్టులు, 250 వాట్లు, గేర్లున్న ముందు హబ్ మోటారు. మా షాపులో పెట్టేది ఇదే. గేర్లు లేని పెద్ద హబ్ మోటార్లు కూడా వస్తాయి. అవి బరువు, పైగా ఛార్జింగ్ అయిపోయాక తొక్కితే వెనక్కి లాగుతున్నట్టు ఉంటాయి. గేర్ల మోటారు లోపల ఒక క్లచ్ ఉంటుంది కాబట్టి, కరెంటు లేనప్పుడు చక్రం తేలిగ్గా తిరుగుతుంది. బ్యాటరీ మధ్య దారిలో అయిపోయినా మామూలు సైకిల్‌లాగే ఇంటికి తొక్కుకుంటూ రావచ్చు. ఈ ఒక్క గుణం కోసమే నేను దీన్ని ఎంచుకుంటాను.

కొనేటప్పుడు నిమిషానికి ఎన్ని రౌండ్లో తప్పకుండా అడగండి. 26 ఇంచీల చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు 2.07 మీటర్లు నడుస్తుంది. నిమిషానికి 200 చుట్లు తిరిగితే 414 మీటర్లు, అంటే గంటకి 25 కిలోమీటర్లకి కొంచెం తక్కువ. చిన్న చక్రాల కోసం చేసిన ఎక్కువ రౌండ్ల మోటారుని తెచ్చి 26 ఇంచీల రిమ్ములో అల్లితే చట్టం గీసిన గీత దాటేస్తారు, వంతెన ఎక్కేటప్పుడు బలమూ చాలదు.

ఆ గీత ఏమిటంటే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉండాలి. సరైన బ్రేకులతో పాటు ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. ఇవన్నీ ఉన్నాయని పరీక్షా సంస్థ ధ్రువీకరించిన బ్యాటరీ సైకిల్‌ని మోటారు వాహనంగా లెక్కించరు. కంపెనీ బండికి పరీక్షా సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటుంది, ఇంట్లో చేసినదానికి ఉండదు. అందుకని కనీసం మనం ఈ హద్దులు దాటకూడదు. స్పీడ్ లాక్ తీసేయమని అడిగినవాళ్ళకి నేను తీయను.

చక్రం అల్లించుకోవడం కన్నా, డబుల్ వాల్ (రెండు పొరల) రిమ్ములో అల్లి వచ్చినది కొనడం మేలు. రాగానే స్పోకులన్నిటినీ వేలితో మీటి చూడండి. ఒకేలాంటి శబ్దం రావాలి. డొల్లుగా మోగినదాన్ని బిగించాలి.

ఫోర్కులో కూర్చోబెట్టడం

మొత్తం పనిలో ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. మామూలు చక్రంలో యాక్సిల్ కదలకుండా ఉంటుంది, దాన్ని తిప్పే బలమేమీ ఉండదు. హబ్ మోటారులో చక్రాన్ని ముందుకి నెట్టే బలం ఎంతో, యాక్సిల్‌ని వెనక్కి మెలితిప్పే బలమూ అంతే. యాక్సిల్‌ని పట్టి ఉంచేది ఫోర్కు కొనల్లో ఉన్న గాడి ఒక్కటే. గాడి వదులుగా ఉంటే యాక్సిల్ తిరిగిపోతుంది. తిరిగితే దాని లోపల్నుంచి వచ్చే వైరు తెగుతుంది, చక్రం ఊడి కింద పడుతుంది.

మోటారు యాక్సిల్ 12 మిల్లీమీటర్లది, రెండు వైపులా చదును చేసి 10 మిల్లీమీటర్లకి తగ్గించి ఉంటుంది. పాత ఫోర్కు గాడి అంతకన్నా సన్నగా ఉంటుంది. దాన్ని ఆకురాయితో వెడల్పు చేయాలి, గ్రైండర్ వాడకండి. రెండు గోడల నుంచీ సమానంగా కొద్దికొద్దిగా తీస్తూ, నాలుగైదు రుద్దులకొకసారి యాక్సిల్ పెట్టి చూడండి. చేత్తో నెడితే బిగువుగా దిగాలి, ఆడకూడదు. గాడిని పైకి లోతు చేయకండి, అక్కడ లోహం తగ్గితే ఫోర్కు కొన బలహీనపడుతుంది. రెండు వైపులా లోతు సమానంగా లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది.

ఫోర్కు కాళ్ళ మధ్య వెడల్పు 100 మిల్లీమీటర్లు కావాలి. పాతవాటిలో నాలుగైదు మిల్లీమీటర్లు తక్కువ ఉంటే స్టీలే కాబట్టి నెమ్మదిగా లాగి సరిచేయొచ్చు. రెండు కాళ్ళూ సమానంగా జరిగాయో లేదో దారం కట్టి చూసుకోవాలి.

టార్క్ ఆర్మ్ తప్పనిసరి. యాక్సిల్ చదును మీద సరిగ్గా పట్టే రంధ్రం ఉన్న మందపాటి స్టీలు పట్టీ అది, రెండో కొనని ఫోర్కు కాలికి క్లిప్పుతో బిగిస్తారు. కిట్‌లో పల్చటిది వస్తే పక్కన పడేసి లేత్ వర్క్‌షాపులో 5 మిల్లీమీటర్ల ప్లేటుతో చేయించుకోండి. నట్టు బిగించేటప్పుడు వాషరు వరస తప్పకూడదు: కొక్కెం ఉన్న వాషరు గాడిలోకి దిగాలి, ఆ తర్వాత నట్టు. వైరు బయటికొచ్చే వైపు కిందికి తిరిగి ఉండాలి, లేకపోతే వాన నీరు వైరు వెంట మోటారులోకి జారుతుంది.

బ్యాటరీ

మొత్తం ఖర్చులో పెద్ద భాగం ఇదే. తక్కువకి వస్తుందని మూడు లెడ్ యాసిడ్ బ్యాటరీలు కలిపి పెట్టేవాళ్ళున్నారు. 12 ఆంపియర్ అవర్లవి మూడు కలిస్తే పన్నెండు కిలోలకి అటూ ఇటూ ఉంటాయి. మోటారు లాగే కరెంటుకి అవి చెప్పిన దూరంలో సగం కూడా ఇవ్వవు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ తీసుకోండి. మామూలు లిథియం అయాన్ కన్నా కాస్త బరువే గానీ, మన మే నెల ఎండల్ని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్ళు వస్తుంది.

ఫాస్ఫేట్ సెల్ 3.2 వోల్టులు. పన్నెండు వరసగా కలిపితే 38.4 వోల్టులు. 10 ఆంపియర్ అవర్ల ప్యాక్ అయితే 384 వాట్ అవర్లు. కొంచెం తొక్కుతూ పోతే కిలోమీటరుకి 12 వాట్ అవర్ల దాకా ఖర్చవుతుందని లెక్క వేసుకోండి. ముప్పై కిలోమీటర్లు దాటొచ్చు గానీ, అడుగంటా వాడకుండా ఇరవై శాతం మిగిల్చుకుంటే నికరంగా 25 కిలోమీటర్లు అని పెట్టుకోండి. ఎదురుగాలి రోజున ఇంకా తగ్గుతుంది.

ప్యాక్‌ని ఇంట్లో తయారుచేయొద్దని గట్టిగా చెప్తాను. పాత ల్యాప్‌టాప్ సెల్స్ ఏరి, టంకం పెట్టి కలిపే వీడియోలు చూసి కుర్రాళ్ళు ఉత్సాహపడుతున్నారు. టంకం వేడికి సెల్ లోపల చెడుతుంది, ఆ చెడు బయటికి కనిపించదు. లిథియం ప్యాక్ అంటుకుంటే మామూలుగా ఆరదు. నికెల్ పట్టీలతో స్పాట్ వెల్డింగ్ చేసి, కనీసం 20 ఆంపియర్ల బీఎంఎస్ పెట్టి, బిల్లు ఇచ్చే చోట కొనండి. బీఎంఎస్ అంటే ఒక్కో సెల్ వోల్టేజీని కనిపెడుతూ, హద్దు దాటితే ప్యాక్‌ని ఆపేసే బోర్డు.

ఛార్జరు కూడా ఆ ప్యాక్‌కి చెందినదే అయి ఉండాలి. పన్నెండు ఫాస్ఫేట్ సెల్స్ ప్యాక్‌కి 43.8 వోల్టుల ఛార్జరు కావాలి. పది సెల్స్ లిథియం అయాన్ ప్యాక్‌కి 42. రెండిటినీ "36 వోల్టుల బ్యాటరీ" అనే అమ్ముతారు, పిన్ను కూడా ఒకేలా ఉండొచ్చు. లేబుల్ చదివి పెట్టండి. ఎండలో నడిపి రాగానే ఛార్జింగ్ పెట్టకుండా, చల్లబడనివ్వండి. మనుషులు పడుకునే గదిలో, గుమ్మం దారిలో, మెట్ల కింద ఛార్జింగ్ వద్దు. రాత్రంతా వదిలేయడమూ వద్దు.

ప్యాక్‌ని ఫ్రేము మధ్య త్రికోణంలో, వీలైనంత కిందికి పెట్టండి. పాత ఫ్రేములకి బాటిల్ బోల్టులు ఉండవు. అలాగని గొట్టానికి రంధ్రం వేయకండి, పగులు మొదలయ్యేది అక్కడే. పాత ట్యూబు ముక్కని గొట్టానికి చుట్టి, దాని మీద ఇనప పట్టీల క్లాంపులు వేసి బిగిస్తే గీతలు పడవు, జారదు.

వైరింగు

బ్యాటరీ కరెంటుని మోటారుకి కావలసినట్టు పంపే పెట్టె కంట్రోలర్. దాని మీద 36 వోల్టులు అని, గరిష్ఠం 14 లేదా 15 ఆంపియర్లు అని ఉంటే చాలు. బ్యాటరీ నుంచి కంట్రోలర్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీకి దగ్గర్లోనే 20 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. మోటారు నుంచి మూడు లావు వైర్లు, ఐదు సన్న వైర్లు వస్తాయి. లావువి శక్తికి. సన్నవాటిలో ఎరుపు, నలుపు కరెంటుకి, మిగతా మూడూ చక్రం ఏ స్థితిలో ఉందో కంట్రోలర్‌కి చెప్పేవి. ఈ మధ్య కిట్లలో అన్నీ కలిపి ఒకే వాటర్‌ప్రూఫ్ కనెక్టర్‌గా వస్తున్నాయి, బాణం గుర్తుకి ఎదురుగా బాణం గుర్తు పెట్టి తిన్నగా నొక్కాలి. మెలితిప్పితే లోపలి పిన్ను వంగుతుంది.

అన్ని కనెక్షన్లూ అయ్యాక, చివరగా బ్యాటరీ. సైకిల్‌ని తలకిందులు చేసి, చక్రం గాల్లో ఉండగా మొదటిసారి ఆన్ చేయండి. యాక్సిలరేటరు ఎరుపు, నలుపు వైర్ల మధ్య మల్టీమీటరులో 5 వోల్టులు రావాలి. సిగ్నల్ వైరులో, యాక్సిలరేటరు వదిలినప్పుడు ఒక వోల్టుకి అటూ ఇటూ, పూర్తిగా తిప్పితే మూడున్నర దాటి చూపించాలి. మోటారు లోపల గిర్రున తిరుగుతున్న శబ్దం వస్తూ చక్రం మాత్రం కదలకపోతే కంగారు పడొద్దు. మోటారు వెనక్కి తిరుగుతోంది, క్లచ్ పట్టడం లేదు, అంతే. చాలా కంట్రోలర్లలో విడిగా రెండు తెల్ల వైర్లు ఉంటాయి. వాటిని కలిపి ఆన్ చేస్తే సరైన దిశని అదే వెతుక్కుంటుంది, దొరికాక విడదీసేయాలి.

బ్రేకు లివర్లకి కట్-ఆఫ్ స్విచ్ ఉన్నవే వాడండి. చక్రం గాల్లో తిరుగుతుండగా ఒక్కో లివరూ కొద్దిగా నొక్కి చూడండి, వెంటనే మోటారు ఆగాలి. ఒక్కటి ఆపకపోయినా రోడ్డెక్కొద్దు.

పెడల్ సెన్సర్ కూడా పెట్టమంటాను. తొక్కుతుంటేనే మోటారు సాయం చేస్తుంది, ఆపితే ఆగుతుంది. పాత క్రాంకు ఊడదీయకుండా బిగించేందుకు రెండు ముక్కలుగా విడిపోయే అయస్కాంతాల చక్రం దొరుకుతుంది, అది అడగండి.

రోడ్డెక్కాక

మొదటిరోజు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి, ఇంటికొచ్చాక మోటారునీ, ఫోర్కు కొనలనీ, బ్యాటరీ కనెక్టరునీ చేత్తో తాకి చూడండి. మోటారు వెచ్చగా ఉండటం మామూలే. కనెక్టరు వేడెక్కితే కనెక్షన్ వదులుగా ఉన్నట్టు. నట్లని మళ్ళీ బిగించండి. వంద కిలోమీటర్ల లోపే స్పోకుల బిగువు మరోసారి చూపించుకోండి, కొత్తగా అల్లిన చక్రంలో అవి సర్దుకుంటాయి.

గౌతమి వంతెన ఎక్కేటప్పుడు మీరు కూడా తొక్కండి. ఎత్తు మీద మోటారు నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ కరెంటు లాగితే ఆ కరెంటు వేడిగా మారుతుంది, లోపలి నైలాన్ గేర్లు అరిగేది అప్పుడే. ఇసక, గులకరాళ్ళ మీద ముందు చక్రం జారుతుంది కాబట్టి లంక దారుల్లో మోటారు ఆపి తొక్కుకుంటూ పోవడం మంచిది. వానలో నడపొచ్చు. వరద నీళ్ళలో మాత్రం హబ్బు మునిగేంత లోతుకి దింపకండి. కంట్రోలర్‌కి వెళ్ళే ప్రతి వైరూ ముందు కిందికి వేలాడి, తర్వాత పైకెక్కేలా కట్టుకుంటే నీటి చుక్క లోపలికి పోకుండా కిందే రాలిపోతుంది.

ఇక పంక్చర్. ముందు చక్రానికి పంక్చరైతే రోడ్డు పక్కన చక్రం ఊడదీయాల్సిన పని లేదు. టైరుని ఒక వైపు మాత్రమే రిమ్ములోంచి తప్పించి, ట్యూబు బయటికి లాగి, ప్యాచ్ వేసి లోపలికి నెట్టేయొచ్చు. పంక్చర్ షాపు కుర్రాడికి ఈ మాట ముందే చెప్పండి, అలవాటు కొద్దీ నట్టు మీద పానా వేస్తాడు. ట్యూబు మార్చాల్సి వచ్చి ఊడదీయక తప్పకపోతే, ముందు బ్యాటరీ కనెక్టరు పీకించండి. తిరిగి బిగించేటప్పుడు టార్క్ ఆర్మ్, కొక్కెం వాషరు వాటి చోట్లలో ఉన్నాయో లేదో పక్కన నిలబడి చూసుకోండి. యాక్సిల్ నట్టుకి పట్టే పానా సీటు కింద సంచీలో ఎప్పుడూ ఉంచుకోండి, దారి పక్కన షాపుల్లో ఆ సైజు ఉండదు.